తాగే నీళ్లు: బాటిల్, క్యాన్, ఫిల్టర్, కుళాయి... వీటిలో దేన్ని ఎంచుకోవాలి?

వంటగదిలో పిండి తూచుకునే చిన్న కాటా మీద మొన్న ఒక ఖాళీ వాటర్ బాటిల్ పెట్టి చూశాను. అరలీటరుది, మూతతో సహా. 13 గ్రాములు చూపించింది. నేను రోజూ వాడే స్టీలు సీసా పెడితే 290 గ్రాములు. అంటే ఒక్క స్టీలు సీసా బరువు 22 ప్లాస్టిక్ సీసాల బరువుతో సమానం. పైగా కిలో స్టెయిన్‌లెస్ స్టీలు తయారీలో వెలువడే కర్బన ఉద్గారాలు కిలో ప్లాస్టిక్‌కి అయ్యేవాటి కన్నా ఎక్కువే. రెండూ కలిపి ఉజ్జాయింపుగా లెక్కేస్తే, ఒక స్టీలు సీసా తయారీ 30 నుంచి 50 ప్లాస్టిక్ సీసాల తయారీకి సాటి వస్తుంది.

ఈ లెక్కతోనే ఎందుకు మొదలుపెట్టానంటే, ప్లాస్టిక్ చెడ్డది, స్టీలు మంచిది అనుకోగానే చాలామందికి ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. రోజుకో బాటిల్ కొనే మనిషి స్టీలు సీసాకి మారితే నెల, నెలన్నరలో ఆ బాకీ తీరిపోతుంది. ఆ తర్వాత అది పనిచేసినన్నేళ్లూ లాభమే. అదే మనిషి ఏడాదికో కొత్త రంగు సీసా కొని అల్మారాలో పెట్టేసి, బయటికి వెళ్లినప్పుడల్లా మళ్లీ బాటిలే కొంటే నష్టం రెండు వైపులా జరుగుతుంది. అందుకే ఏది మేలో తేల్చుకునేటప్పుడు నేను మూడు సంగతులు చూస్తాను: నీళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయి, వాటిని పట్టే సీసా ఎన్నిసార్లు వాడతాం, ఆ నీళ్లకి నిజంగా ఎంత శుద్ధి కావాలి. సీసా దేనితో చేశారన్నది ఆ తర్వాతి మాట.

బాటిల్ నీళ్ల భారం ఎక్కడుంది

అమెరికాలోని పసిఫిక్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన పీటర్ గ్లైక్, హెదర్ కూలీ 2009లో ఈ విషయం మీద ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. సీసా తయారీ, నీటి శుద్ధి, నింపడం, రవాణా, చల్లబరచడం అన్నీ కలిపి లీటరు బాటిల్ నీళ్లకి 5.6 నుంచి 10.2 మెగాజౌళ్ల శక్తి ఖర్చవుతుందని తేల్చారు. అదే లీటరు కుళాయి నీటితో పోలిస్తే ఇది 2,000 రెట్ల దాకా ఎక్కువ. మెగాజౌల్ అంటే మనకి రోజువారీ లెక్కలో అందదు కాబట్టి ఇలా చూడండి: లీటరు పెట్రోలులో దాదాపు 34 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఆ పెట్రోలంతా పెడితే వచ్చేది మూడు నుంచి ఆరు లీటర్ల తాగునీరు. ఒక మనిషికి రెండు రోజులకి సరిపోతుందేమో.

ఆ లెక్కలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇంకో విషయం. నీళ్లు దగ్గర్లోనే నింపినవైతే భారంలో పెద్ద వాటా సీసాది. దూరం నుంచి వచ్చినవైతే రవాణా దాన్ని కూడా మించిపోతుంది. నీళ్లు బరువైన సరుకు, లీటరుకి కిలో. లారీలో టన్ను సరుకుని ఒక కిలోమీటరు మోస్తే ఉజ్జాయింపుగా 100 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే లీటరు నీళ్లు 1,000 కిలోమీటర్లు ప్రయాణించి వస్తే, ఒక్క లారీ పొగే లీటరుకి 100 గ్రాములు. ఏదో మంచుకొండల బొమ్మ వేసిన సీసా చేతికి తీసుకున్నప్పుడు లేబుల్ వెనక చిన్న అక్షరాల్లో ఎక్కడ నింపారో చదవండి. తప్పనిసరై బాటిల్ కొనాల్సి వస్తే నేను చూసే మొదటి వివరం అదే. రెండోది సైజు. రెండు అరలీటరు సీసాల కన్నా ఒక లీటరు సీసాకి పట్టే ప్లాస్టిక్ తక్కువ.

శీతల పానీయాల కోసం ఈ రకం సీసాకి నథానియల్ వయెత్ అనే ఇంజనీరు పేటెంట్ పొందింది 1973లో. పీఈటీ అనే ఈ ప్లాస్టిక్ తేలిక, పగలదు, అద్దంలా కనిపిస్తుంది. వస్తువుగా చూస్తే గొప్పదే. మరీ గొప్పది కావడమే ఇబ్బంది తెచ్చింది. ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయానికి చెందిన నీటి పరిశోధన సంస్థ 2023 నివేదిక ప్రకారం, ఏడాదికి దాదాపు 60,000 కోట్ల ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తయారవుతున్నాయి. వాటి నుంచి వచ్చే చెత్త 2.5 కోట్ల టన్నులు. "ప్లాస్టిక్ సీసా కరగడానికి 450 ఏళ్లు" అనే మాట మీరూ వినే ఉంటారు. అది అంచనా మాత్రమే, ఎందుకంటే ఈ రకం మొట్టమొదటి సీసాకే ఇంకా 60 ఏళ్లు నిండలేదు. అప్పట్లో పారేసినవి ఏదో ఒక రూపంలో ఎక్కడో ఉన్నాయన్నది మాత్రం నిజం.

"రీసైకిల్ అవుతుందిగా" అనే ధీమా గురించి

ఒక సీసాని చేతిలోకి తీసుకుని జాగ్రత్తగా చూడండి. అడుగున త్రికోణంలో 1 అని ఉంటుంది, అది పీఈటీ గుర్తు. మూత అదే ప్లాస్టిక్ కాదు. పాలీప్రొపిలీన్ గానీ పాలీఇథిలీన్ గానీ అయి ఉంటుంది. మూత తిప్పాక మెడ దగ్గర మిగిలే సన్నటి రింగు కూడా అంతే. లేబుల్ ఇంకో రకం, దాన్ని అంటించిన జిగురు మరో రకం. 13 గ్రాముల వస్తువులో నాలుగు పదార్థాలున్నాయి. రీసైక్లింగ్ కర్మాగారంలో వీటిని ముక్కలు చేసి నీళ్ల తొట్టెలో వేస్తారు. పీఈటీ నీటికన్నా బరువు కాబట్టి మునుగుతుంది, మూతల ముక్కలు పైకి తేలతాయి. అలా విడదీస్తారు. చాలా తెలివైన పద్ధతి. కానీ అది జరగాలంటే ముందు సీసా అక్కడిదాకా చేరాలి, అందులో కూల్‌డ్రింక్ అడుగో, సిగరెట్ ముక్కో ఉండకూడదు.

చేరేవి ఎన్ని? 2017లో రోలాండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లా అనే పరిశోధకులు కలిసి ప్రపంచ ప్లాస్టిక్ మొత్తానికీ లెక్క కట్టారు. 2015 దాకా మనుషులు తయారుచేసిన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులు. చెత్తగా మారినదాంట్లో రీసైకిల్ అయినది దాదాపు 9 శాతం, కాల్చింది 12 శాతం. మిగతా 79 శాతం చెత్తగుట్టల్లోనో, నేల మీదో, నీళ్లలోనో ఉంది. ఇది అన్ని రకాల ప్లాస్టిక్‌కీ కలిపిన లెక్క. వాటిలో పీఈటీ సీసాల పరిస్థితి కాస్త మెరుగు, ఎందుకంటే వాటికి కొనేవాళ్లున్నారు. అయినా చాలా సీసాలు మళ్లీ సీసా కావు. దారంగా మారి పాలియెస్టర్ బట్టల్లోకో, తివాచీల్లోకో వెళ్తాయి, అక్కడి నుంచి వెనక్కి రావడం చాలా కష్టం.

కాబట్టి నా సలహా: కొన్న సీసాని తప్పకుండా రీసైక్లింగ్‌కి ఇవ్వండి. కానీ రీసైకిల్ అవుతుందన్న భరోసాతో కొనకండి. మొదటిది బాధ్యత, రెండోది సాకు.

ముందు మీ కుళాయి సంగతి తేల్చుకోండి

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కుళాయి నీళ్లు తాగండి అనే సలహా అందరికీ ఇవ్వగలిగేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి వేసిన 2022 లెక్క ప్రకారం ఇంటి దగ్గర, అవసరమైనప్పుడు అందే సురక్షితమైన తాగునీరు లేనివాళ్లు 220 కోట్ల మంది. వాళ్లలో బాటిలో క్యానో కొనుక్కునేవాళ్ల మీద తప్పు మోపే హక్కు ఎవరికీ లేదు. 2014లో అమెరికాలోని ఫ్లింట్ నగరంలో నీటి వనరు మార్చాక పాత గొట్టాల నుంచి సీసం (లెడ్) అనే విషలోహం నీళ్లలోకి దిగింది. అప్పుడు అక్కడి జనానికి బాటిల్ నీళ్లే దిక్కయ్యాయి. సీసం మరిగించినా పోదు. వరదలొచ్చినప్పుడు, పైపులైన్ పగిలినప్పుడు కూడా బాటిలే సరైన ఎంపిక. నేను మాట్లాడుతున్నది మంచి నీళ్లు ఇంట్లోకి వస్తున్నా, భయంతోనో అలవాటుతోనో బాటిల్ కొనేవాళ్ల గురించి. అలాంటివాళ్లు కూడా కోట్లలో ఉన్నారు.

తేల్చుకోవడం ఎలా? నీటి సరఫరా చేసే సంస్థ పరీక్ష ఫలితాలు ఇస్తుంటే ముందు అవి చదవండి. లేకపోతే ఒక్కసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. సూక్ష్మజీవులు, నైట్రేట్, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, సీసం, కరిగిన లవణాలు... వీటిలో మీ ప్రాంతానికి సంబంధించినవి చూడమని అడగండి. బోరు నీళ్లయితే ఈ పరీక్ష తప్పనిసరి. ఇల్లు పాతదైతే సీసం గొట్టాలున్నాయేమో చూసుకోవాలి.

పెన్నులాంటి టీడీఎస్ మీటరు చూసి భయపడిపోకండి. అది చెప్పేది నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో అన్నంతే. సూక్ష్మజీవులున్నాయో లేదో చెప్పదు, ఆర్సెనిక్ ఉందో లేదో చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీడీఎస్‌కి ఆరోగ్యపరమైన హద్దు ఏదీ పెట్టలేదు, రుచి గురించే మాట్లాడింది. లీటరుకి 600 మిల్లీగ్రాముల లోపైతే రుచి సాధారణంగా బాగుంటుందని, 1,000 దాటాక తాగడానికి బాగుండదని దాని మాట. మీటరులో 250 కనిపించగానే కంగారుపడి పెద్ద యంత్రం కొన్నవాళ్లని నేను చూశాను. ఆ 250 తప్పేమీ కాదు, చక్కటి నీళ్లు.

ఇంకొందరికి అభ్యంతరం క్లోరిన్ వాసన దగ్గర. జగ్గులో పట్టి మూత వేయకుండా కొన్ని గంటలు ఉంచితే చాలావరకు పోతుంది. ఫ్రిజ్‌లో చల్లబరిస్తే మిగిలిందీ తెలియదు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఏళ్ల తరబడి బాటిళ్లు కొనడానికి అసలు కారణం ఈ వాసనే. జగ్గు ఉపాయం చెప్పాక మానేశారు.

మరిగించడం, ఫిల్టర్, ఆర్‌ఓ: ఏ రోగానికి ఏ మందు

శుద్ధి విషయంలో నాది ఒకటే పట్టుదల. నీళ్లలో ఉన్న సమస్యకి సరిపడేంత శుద్ధి చేయాలి, అంతకు మించి వద్దు. ప్రతి అదనపు దశకీ కరెంటో, నీళ్లో, ప్లాస్టిక్ కార్ట్రిడ్జో ఖర్చవుతుంది.

సూక్ష్మజీవుల భయమే ఉంటే మరిగించండి. నీళ్లు తెర్లి పెద్ద బుడగలు వచ్చాక ఒక నిమిషం చాలు, ఎత్తైన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు. పావుగంట మరిగించడం గ్యాసు దండగ. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 0.31 మెగాజౌల్ చాలు. పొయ్యి మీద సగం వేడి గాలిలో పోతుందనుకున్నా 0.65 దాటదు. బాటిల్ నీళ్ల లెక్కలో కనిష్ఠం 5.6 కదా, అందులో ఇది ఎనిమిదో వంతు కూడా కాదు. మరిగించిన నీళ్లు తాగే పాత పద్ధతిని తక్కువ చేసి చూడక్కర్లేదు. అయితే ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, ఉప్పు ఉంటే మరిగించడం పనికిరాదు. ఆవిరైపోయినంత మేర అవి ఇంకాస్త చిక్కబడతాయి కూడా.

ఎండ బాగా తగిలే చోట, కరెంటూ గ్యాసూ లేనప్పుడు ఇంకో పద్ధతి ఉంది. తేటగా ఉన్న నీళ్లని పారదర్శకమైన పీఈటీ సీసాలో నింపి ఆరు గంటలు మంచి ఎండలో పడుకోబెడితే అతినీలలోహిత కిరణాలూ వేడీ కలిసి సూక్ష్మజీవులని చంపుతాయి. మబ్బుగా ఉంటే రెండు రోజులు ఉంచాలి. వాడిపారేసే సీసాకి ఇంత మంచి రెండో బతుకు మరొకటి నాకు తెలియదు.

యూవీ (అతినీలలోహిత) ఫిల్టర్ ఇదే పనిని దీపంతో చేస్తుంది. నీళ్లు తేటగా ఉండాలి, దీపాన్ని గడువుకి మార్చాలి. యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్) ఫిల్టరుకి కరెంటు అక్కర్లేదు, సన్నటి గొట్టాల్లాంటి పొర బురదనీ బ్యాక్టీరియానీ ఆపేస్తుంది. క్లోరిన్ వాసన, రుచి ఇబ్బందైతే యాక్టివేటెడ్ కార్బన్ (వాసనని పీల్చుకునే బొగ్గు) ఉన్న జగ్గో, కుళాయికి తగిలించే చిన్న ఫిల్టరో చాలు. కార్ట్రిడ్జి గడువు దాటాక కూడా వాడితే అదే సూక్ష్మజీవులకి ఇల్లవుతుంది. "ఇంకో రెండు నెలలు లాగిద్దాం" అనుకునే వస్తువు కాదది.

ఇక ఆర్‌ఓ, అంటే రివర్స్ ఆస్మాసిస్: ఒత్తిడితో నీళ్లని అతి సన్నటి పొర గుండా పంపి కరిగిన లవణాలని ఆపే యంత్రం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అవసరం లేని ఇళ్లలో కూడా ఇదే పెట్టేస్తున్నారు. మా ఇంట్లో ఉన్నది ఒకరోజు పరీక్షించాను. వేస్ట్ పైపు తీసి బకెట్లో పెట్టి, మంచినీళ్ల కుళాయి కింద లీటరు జగ్గు పెట్టి కూర్చున్నాను. జగ్గు నిండేసరికి బకెట్లో మూడు లీటర్లు పైచిలుకు చేరాయి. అన్నేళ్లూ అవి సింకు కింద నుంచి చప్పుడు లేకుండా పోతూనే ఉన్నాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పేదాన్ని బట్టి మామూలు ఇంటి ఆర్‌ఓ ఒక వంతు మంచినీటికి ఐదు వంతులో అంతకు మించో పారబోస్తుంది. ఆ లెక్కన మాది నయం. కొత్త రకాల్లో ఈ వృథా బాగా తక్కువ. కొనేవాళ్లు ముందు అడగాల్సింది నీటి వృథా ఎంత అని, స్క్రీన్ ఎంత పెద్దదని కాదు.

ఉప్పు నీళ్లకి, ఫ్లోరైడ్‌కి, ఆర్సెనిక్‌కి ఆర్‌ఓ బాగా పనిచేస్తుంది, అవి ఉన్నచోట నిస్సందేహంగా పెట్టుకోండి. పెట్టుకుంటే ఆ బకెట్ పద్ధతి కూడా పెట్టుకోండి. వేస్ట్ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి, మరుగుదొడ్డికి బాగా సరిపోతాయి. కుండీలకి మాత్రం రోజూ పోయకండి, లవణాలు మట్టిలో పేరుకుంటాయి. ఇంకో సంగతి: చాలా బాటిల్ నీళ్లు కూడా ఆర్‌ఓ నుంచి వచ్చినవే. అంటే బాటిల్ కొంటే ఆ వృథా తప్పిపోలేదు, మన కంటికి కనబడని చోట జరిగింది.

20 లీటర్ల క్యాన్ మధ్యేమార్గమా?

కుళాయి నీళ్లు పనికిరాక, ఇంట్లో యంత్రం పెట్టుకునే వీలు లేనివాళ్లకి నేను ముందు చెప్పేది క్యానే. లెక్క చూడండి. క్యాన్ బరువు దాదాపు 750 గ్రాములు. అది 40 సార్లు నిండి తిరిగితే 800 లీటర్లు మోసినట్టు. లీటరుకి పడే ప్లాస్టిక్ ఒక గ్రాము లోపే. అరలీటరు సీసాలతో అయితే లీటరుకి 26 గ్రాములు. తేడా ఇరవై ఐదు రెట్లు పైనే.

దీనికి షరతులున్నాయి. నింపే చోటు దగ్గర్లో ఉండాలి. క్యాన్‌ని లోపల సరిగ్గా కడగాలి. గీతలు పడి మసకబారినవి, పచ్చగా నాచు జాడ ఉన్నవి తిప్పి పంపేయండి. క్యాన్‌ని ఎండలో పెట్టకూడదు. డిస్పెన్సర్ కుళాయిని నెలకోసారైనా విప్పి కడగాలి, చాలా ఇళ్లలో మురికి దాక్కునేది అక్కడే. వేడీ చల్లనా ఇచ్చే డిస్పెన్సరైతే రాత్రిపూట స్విచ్ ఆపేయండి. ఎవరూ తాగని నీళ్లని తెల్లవార్లూ కాచి చల్లార్చడం ఎందుకు?

గాజు సీసా, అల్యూమినియం డబ్బా, అట్టపెట్టె

"ప్లాస్టిక్ కాదు కదా" అని వీటి వైపు వెళ్లేవాళ్లుంటారు. ఒకసారి వాడి పారేసే గాజు సీసా చాలా లెక్కల్లో ప్లాస్టిక్ కన్నా ఎక్కువ భారం. 2020లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పానీయాల సీసాలని పోల్చినప్పుడు ఇదే తేలింది. గాజు కరగాలంటే కొలిమికి బోలెడు వేడి కావాలి, పైగా బరువు. వెనక్కి తీసుకుని కడిగి మళ్లీ నింపే గాజు సీసా మాత్రం, దగ్గరి ఊళ్ల మధ్య తిరిగినప్పుడు, చక్కటి పద్ధతి. అల్యూమినియం రీసైక్లింగ్‌లో కొత్తగా తీసే లోహం కన్నా దాదాపు 95 శాతం శక్తి మిగులుతుంది, కాబట్టి డబ్బా తిరిగి వెళ్లే చోట అది పర్వాలేదు. అట్టపెట్టెలో అట్టతో పాటు ప్లాస్టిక్ పొరలూ ఉంటాయి, నిల్వ ఎక్కువ కాలం ఉండే రకమైతే అల్యూమినియం పొర కూడా. వాటిని విడదీయగల కర్మాగారాలు తక్కువ. నీళ్ల కోసం ఈ మూడింటిలో దేన్నీ నేను ప్రత్యేకంగా వెతికి కొనను.

ఆరోగ్యానికి బాటిలే మంచిదా?

బాటిల్ కొనేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం ఇదే కాబట్టి దాటవేయలేం. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లేజర్ పద్ధతిలో మూడు రకాల బాటిల్ నీళ్లని చూశారు. లీటరులో సగటున 2.4 లక్షల ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి, అందులో 90 శాతం నానో స్థాయివి, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవి. సీసా ప్లాస్టిక్ ఉంటుందని ఊహించిందే. దాన్ని మించి పాలీఅమైడ్ (నైలాన్ రకం ప్లాస్టిక్) కనిపించింది, అది శుద్ధి చేసే ఫిల్టర్ల నుంచే వచ్చి ఉంటుందని వాళ్ల అంచనా. ఈ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయన్నది పరిశోధనలో ఉన్న విషయం, దాని గురించి భయపెట్టను. కానీ బాటిల్ అంటే మచ్చలేని స్వచ్ఛత అనే నమ్మకానికి ఇక ఆధారం లేదు.

రెండో వైపు కూడా చెప్పాలి. క్లోరిన్ వేసిన కుళాయి నీళ్లలో ట్రైహాలోమీథేన్‌ల వంటి ఉప ఉత్పత్తులు కొద్దిగా ఏర్పడతాయి. 2021లో బార్సిలోనా నగరం మీద చేసిన అధ్యయనం రెండిటినీ ఒకే త్రాసులో పెట్టింది. ఆ నగరమంతా కుళాయి నీళ్లే తాగితే ఆ రసాయనాల వల్ల ఆయుష్షులో పడే కోత, అందరికీ సమానంగా పంచితే, మనిషికి రెండు గంటలు. ఇంట్లో ఫిల్టరు పెడితే అందులోనూ చాలాభాగం తగ్గిపోతుంది. అదే నగరమంతా బాటిల్ నీళ్లకి మారితే, కుళాయి నీళ్లతో పోలిస్తే జీవావరణానికి జరిగే నష్టం 1,400 రెట్లు, ముడి వనరుల తవ్వకానికయ్యే ఖర్చు 3,500 రెట్లు. జీవితకాలంలో రెండు గంటలు ఒక పక్క, ఇంత భారం ఇంకో పక్క. శుద్ధి బాగా జరిగే నగరాల్లో ఉండేవాళ్లు ఏది ఎంచుకోవాలో నాకు అనుమానం లేదు.

కొన్న బాటిల్‌ని మాత్రం కారులో ఎండకి వదిలేయకండి. పీఈటీ తయారీలో వాడే యాంటిమొనీ అనే మూలకం వేడికి నీళ్లలోకి ఎక్కువగా దిగుతుంది.

మిగతా అలవాట్ల సంగతి

ఇదే కొలత మిగతా వస్తువులకీ పనికొస్తుంది. నూలు సంచి చూడండి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో సంచులని పోల్చింది. మామూలు పత్తితో చేసిన సంచి, వాతావరణం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే, పలచటి ప్లాస్టిక్ సంచికి సాటి రావడానికి 52 సార్లు వాడాలి. నీటి వాడకం, ఓజోన్ పొరకి జరిగే నష్టం లాంటి అన్నిటిలోనూ సాటి రావాలంటే 7,100 సార్లు. ఆ లెక్కలో దారిలో పడేసిన చెత్త వల్ల జరిగే నష్టం లేదు, కాబట్టి ప్లాస్టిక్ సంచే నయమని దాని అర్థం కాదు. బహుమతిగా వచ్చిన నూలు సంచులు తలుపు వెనక పది వేలాడుతుంటే పదకొండోది వద్దనండి. కాగితం కప్పు కూడా అంతే. లోపల పలచగా ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టే అందులో టీ నిలుస్తుంది.

కారు విషయం కూడా లెక్కలో పెట్టుకోండి. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకి 15 కిలోమీటర్లు నడిచే కారు కిలోమీటరుకి 150 గ్రాములు వదులుతుంది. నీళ్ల బాటిళ్ల పెట్టె కోసమే కారు తీసి నాలుగు కిలోమీటర్లు వెళ్లొస్తే, ఆ ప్రయాణం బాటిళ్ల మీద అదనపు భారం.

అలవాటు మార్చడం గురించి నాకు బాగా గుర్తుండిపోయిన ఉదాహరణ అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయానిది. 2013లో అక్కడ ఆవరణలో బాటిల్ నీళ్ల అమ్మకం ఆపేశారు. తర్వాత లెక్క చూస్తే ఆవరణలోకి వచ్చే సీసాల సంఖ్య తగ్గలేదు, పెరిగింది. విద్యార్థులు నీళ్ల బదులు తీపి పానీయాల సీసాలు కొన్నారు. కాబట్టి ఇంట్లో పిల్లలకి బాటిల్ నీళ్లు మాన్పించాలనుకునేవాళ్లు ముందు వాళ్ల సంచిలో నిండిన సీసా పెట్టండి, ఆ తర్వాతే బాటిల్ ఆపండి. మీ ఆఫీసులో అయితే మంచి నీళ్ల కుళాయి నడిచే దారిలో, కనబడే చోట ఉండేలా అడగండి. మూలన ఉన్న కుళాయి దగ్గరికి ఎవరూ వెళ్లరు.

మీరు సీసా కొనబోతుంటే

ముందు ఇంట్లో వెతకండి. ఎవరో ఇచ్చిన సీసా ఒకటైనా ఉంటుంది, కొత్త దానికన్నా అదే మేలు. లేకపోతే ఒక పొర ఉన్న మామూలు స్టీలు సీసా తీసుకోండి, చల్లదనం తప్పనిసరైతేనే రెండు పొరలది. రెండు పొరల దానికి లోహం ఎక్కువ, బరువూ ఎక్కువ. సంచిలో బరువనిపించిన సీసా రెండో వారం నుంచి ఇంట్లోనే ఉండిపోతుంది. వెడల్పు మూతి ఉండాలి, మీ చెయ్యి కాకపోయినా బ్రష్షు పట్టాలి. మూతలో స్ట్రాలూ బటన్లూ ఎన్ని తక్కువుంటే అంత మంచిది.

మంచి సీసాలు మూలన పడటానికి పెద్ద కారణం వాసన. నా పాత సీసా ఒకటి అలాగే పక్కన పెట్టేశాను, చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు ఎందుకో. మూత లోపలి రబ్బరు రింగుని పిన్నుతో పైకి లేపి చూస్తే దాని వెనక నల్లటి జిగురు పొర. రింగు తీసి, గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు వంటసోడా వేసి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో గాడిలో తోమాను. వాసన పూర్తిగా పోయింది. ఇప్పుడు వారానికోసారి ఆ రింగు తీస్తాను. రాత్రి కడిగాక మూత బిగించకుండా సీసాని బోర్లించి, మూతనీ రింగునీ పక్కన విడివిడిగా ఆరబెడతాను. తెల్లారేసరికి పొడిగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. కాటా మీద 290 గ్రాములు చూపించింది ఆ సీసానే.